పంటి బిగువు వదలడం ఎలా? నిద్రలో పళ్లు కొరికేవాళ్ల కోసం

నిద్రలో పళ్లు కొరికే సంగతి కొరికేవాళ్లకు తెలియదు, పక్కన పడుకున్నవాళ్లకు తెలుస్తుంది. నా విషయంలోనూ అంతే. రాత్రంతా రాయి మీద రాయి రుద్దినట్టు చప్పుడు వస్తోందని ఇంట్లోవాళ్లు చెబితే చాలాకాలం నమ్మలేదు. ఒకరోజు ఫోన్‌లో రికార్డు చేసి వినిపించాక నోరు మూసుకున్నాను. మరీ గట్టిగా మూసుకోవడమే అసలు సమస్య అని ఆ తర్వాత అర్థమైంది.

డాక్టర్లు దీన్ని బ్రక్సిజం అంటారు. కోపం వస్తే పళ్లు పటపటా కొరుకుతాం, కష్టాన్ని పంటి బిగువున భరిస్తాం. మనసుకూ దవడకూ ఉన్న సంబంధం మన భాషకు ఎప్పుడో తెలుసు. అలాగని రాత్రి కొరుకుడు మొత్తాన్నీ టెన్షన్ ఖాతాలో వేసేస్తే, సరిచేసుకోగలిగిన కారణాలు కొన్ని కంటికి కనిపించకుండా పోతాయి.

ముందుగా: ఏది ముందు, ఏది వెనక?

పళ్లు కొరకడం వల్ల నిద్ర చెడుతోందని అందరం అనుకుంటాం. నిద్ర పరీక్షల్లో కనిపించే వరస వేరు. నిద్ర మధ్యలో మెదడు కొన్ని సెకన్ల పాటు మెలకువ వైపు తేలి, మళ్లీ మునిగిపోతుంది. ఇది అందరికీ జరిగేదే, తెల్లారాక గుర్తుండదు. అలా తేలినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, ఆ వెంటనే దవడ కండరాలు లయగా బిగుస్తూ వదులుతూ పనిచేస్తాయి. కొందరిలో పళ్లు ఒరుసుకుని చప్పుడు వస్తుంది, కొందరిలో రాదు. ఇదంతా ఎక్కువగా తేలిక నిద్రలోనే జరుగుతుంది.

అంటే చాలాసార్లు నిద్ర కదిలాకే కొరుకుడు వస్తోంది. ఈ వరస గుర్తుంటే చేయాల్సిన పనులూ మారతాయి. పళ్లకు కవచం వేస్తే పళ్లు మిగులుతాయి గానీ నిద్రను పదేపదే కదిలిస్తున్నదేదో అలాగే ఉండిపోతుంది. రెండిటినీ విడివిడిగా చూసుకోవాలి.

కొరుకుడు వల్ల నిద్రకు అసలు నష్టమే లేదని కాదు. దవడ నొప్పి ముదిరితే ఆ నొప్పే నిద్ర పట్టనివ్వదు. పక్కవాళ్ల నిద్ర సంగతి చెప్పనక్కర్లేదు.

మొదటి మెట్టు: ఉందో లేదో తేల్చుకోండి

నిద్ర లేవగానే, నోరు కడుక్కోక ముందే గమనించండి. దవడ అలిసిపోయినట్టుందా? కణతల దగ్గర తలనొప్పి ఉండి, గంటా రెండు గంటల్లో తగ్గిపోతోందా? నోరు తెరిస్తే చెవి ముందు కటుక్కుమంటోందా? చెవిపోటు అని వెళితే చెవిలో ఏమీ లేదని డాక్టరు పంపేశారా? దవడ కీలు చెవికి ఆనుకునే ఉంటుంది కాబట్టి ఇలా పొరబడటం మామూలే.

తర్వాత అద్దం ముందు నిలబడండి. నాలుక అంచున పళ్ల అచ్చులు పడి అలలుగా ఉండవచ్చు. బుగ్గ లోపల, పళ్లు కలిసే ఎత్తులో, తెల్లటి గీత కనిపించవచ్చు. ముందుపళ్ల అంచులు అరిగి ఒకే మట్టానికి వచ్చాయేమో చూడండి. పంటి పైపొర ఎనామెల్ ఒకసారి అరిగితే మళ్లీ పెరగదు. అడుగున పసుపు రంగులో ఉండే పొర బయటపడితే చల్లటి నీళ్లకే జివ్వుమంటుంది.

అయితే అరుగుదల ఎప్పటిదో పంటిని చూసి చెప్పలేం. పదేళ్ల కిందట కొరికి మానేసిన వాళ్ల పళ్లూ అరిగే ఉంటాయి. అందుకని మూడు నాలుగు రాత్రులు ఫోన్ తలగడ పక్కన పెట్టి రికార్డు చేసి వినండి. నిశ్శబ్దంగా బిగించేవాళ్లు ఇందులో దొరకరు. కచ్చితంగా తేల్చాలంటే కండరాల కదలికలు నమోదు చేసే నిద్ర పరీక్షే దారి, కానీ అది అందరికీ అవసరం లేదు.

నొప్పి ఏ వేళలో ఉందన్నది కూడా రాసుకోండి. పొద్దున ఎక్కువగా ఉంటే రాత్రి కొరుకుడును అనుమానించాలి. సాయంత్రానికి పెరుగుతోందంటే మీరు పగలే పళ్లు బిగిస్తుండవచ్చు.

రెండో మెట్టు: పగటి దవడను పట్టుకోండి

నిద్రలో ఉన్న దవడకు మనం ఏమీ చెప్పలేం. పగటి దవడ మాట వింటుంది. నా మటుకు ఎక్కువ తేడా కనిపించింది ఇక్కడే.

ఈ వాక్యం చదువుతుండగా మీ పైపళ్లూ కింది పళ్లూ తగులుతున్నాయా? తగలకూడదు. నమలడం, మింగడం అన్నీ కలిపినా రోజు మొత్తంలో పళ్లు ఒకదానికొకటి తగలాల్సింది సుమారు 20 నిమిషాలే. మిగతా సమయమంతా మధ్యలో 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఈ సంగతి తెలియక, పెదవులు మూసుకుంటే పళ్లూ మూసుకోవాలనుకునేవాళ్లు చాలామంది.

సరైన స్థితి దొరకడానికి తేలికైన ఉపాయం ఉంది. చిన్నగా ‘మ్’ అనండి. పెదవులు కలుస్తాయి, పళ్లు కలవవు. దవడ అక్కడే ఉండనివ్వండి. నాలుక కొనను పైపళ్ల వెనక, చిగురు దగ్గర తేలిగ్గా ఆనించండి. భుజాలు దించండి. ముక్కుతో గాలి తీసుకుని నెమ్మదిగా వదలండి.

దీన్ని రోజుకు ఒక్కసారి అరగంట సాధన చేస్తే లాభం లేదు. పదిసార్లు పది సెకన్ల చొప్పున గుర్తురావాలి. కంప్యూటర్ అంచున, ఫోన్ వెనక చిన్న చుక్క అంటించండి. కంటపడ్డప్పుడల్లా దవడను ఒకసారి చూసుకోండి. వారం తిరిగేసరికి ఎప్పుడు బిగిస్తున్నారో తెలిసిపోతుంది. మెయిల్ రాస్తున్నప్పుడు, ట్రాఫిక్‌లో, బరువు ఎత్తేటప్పుడు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు. నాకైతే ఎవరో మాట్లాడుతుంటే మధ్యలో అడ్డురాకుండా ఓపిగ్గా వింటున్నప్పుడు!

చూయింగ్ గమ్ మానేయండి. పెన్ను కొరకడం, గోళ్లు కొరకడం కూడా. దవడకు ఎక్సర్‌సైజు కదా అని గమ్ నమిలేవాళ్లున్నారు. అలిసిన కండరానికి మళ్లీ పని చెప్పడమే అది.

మూడో మెట్టు: సాయంత్రం నుంచి పడుకునేదాకా

కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. కాబట్టి మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకులు ఆపి చూడండి. సిగరెట్‌లోని నికోటిన్ కూడా ఉత్తేజపరిచేదే. మద్యం తాగితే నిద్ర త్వరగా పడుతుంది గానీ, రాత్రి రెండో సగమంతా ముక్కలవుతుంది. కొరుకుడుకు కావాల్సింది సరిగ్గా అలాంటి నిద్రే.

పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను రెండు దవడల మీదా పదేసి నిమిషాలు ఉంచండి. తర్వాత పళ్లు ఒకసారి బిగించి, బుగ్గల వెనక భాగంలో ఉబ్బే కండరాన్ని గుర్తుపట్టండి. పళ్లు వదిలేసి, దాన్ని వేళ్లతో మెల్లగా గుండ్రంగా రుద్దండి. కణతల దగ్గర కూడా. నొప్పి పుట్టేంత గట్టిగా వద్దు. దీనివల్ల కొరుకుడు ఆగుతుందని చెప్పను, పొద్దుటి బిగుతు మాత్రం తగ్గుతుంది.

నాలుగో మెట్టు: నిద్రను కదిలిస్తున్నదేదో వెతకండి

గురక ఉందా? నిద్రలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి గాలి పీల్చుకుంటున్నారని పక్కవాళ్లు చెప్పారా? ఏడెనిమిది గంటలు పడుకున్నా పగలు తూగుతున్నారా? అయితే పళ్ల డాక్టరు కన్నా ముందు స్లీప్ ఆప్నియా పరీక్ష గురించి అడగాలి. పగటి మత్తునూ చిరాకునూ పళ్ల మీదకు నెట్టేసి, అసలు శ్వాస సమస్యను ఏళ్ల తరబడి వదిలేయడం పెద్ద నష్టం.

పడుకోగానే పుల్లటి నీళ్లు గొంతులోకి రావడం, ఛాతీలో మంట ఉంటే దానికీ చికిత్స తీసుకోండి. పైకి ఎగదన్నిన ఆమ్లం ఎనామెల్‌ను మెత్తబరుస్తుంది, దాని మీద కొరుకుడు తోడైతే అరుగుదల ఇంకా వేగంగా సాగుతుంది.

డిప్రెషన్‌కు వాడే ఫ్లువోక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటి మందులు కొందరిలో కొరుకుడు తెప్పిస్తాయి. మందు మొదలైన కొన్ని వారాలకే ఇది మొదలైతే రాసిచ్చిన డాక్టరుకు చెప్పండి. మోతాదో మందో వాళ్లు మారుస్తారు. మీ అంతట మీరు ఆపేయకండి.

అయిదో మెట్టు: గార్డు పెట్టించుకోవాలా?

పళ్లు అరుగుతున్నా, పగుళ్లు వస్తున్నా, పొద్దున నొప్పి తగ్గకపోయినా, పెట్టించుకోవాలి. గార్డు అంటే పళ్లకు తొడిగే కవచం. డెంటిస్టు మీ పళ్ల అచ్చు తీసి గట్టి ఆక్రిలిక్ ప్లాస్టిక్‌తో చేయించే దాన్ని రాత్రిపూట పెట్టుకుంటే ఆ అరుగుదలేదో దానికే పడుతుంది. మొదటి కొన్ని రోజులు నోట్లో నీళ్లూరతాయి, పరాయి వస్తువులా అనిపిస్తుంది. ఒకవైపు ముందుగా తగులుతుంటే ఓర్చుకోకుండా వెళ్లి సరిచేయించుకోండి. గార్డును వేడి నీళ్లతో కడిగితే వంకర తిరిగిపోతుంది, చల్లటి నీళ్లూ మెత్తటి బ్రష్షూ చాలు. స్లీప్ ఆప్నియా ఉన్న కొందరిలో గార్డు వల్ల అది పెరగవచ్చు కాబట్టి గురక సంగతి ముందే చెప్పండి.

కొరుకుడు ఆపడానికని పళ్లను అరగదీసి సరిచేస్తామంటే ఒప్పుకునే ముందు ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. అరగదీసింది తిరిగి రాదు, దానితో కొరుకుడు ఆగుతుందన్న ఆధారమూ లేదు. కండరాన్ని వదులు చేసే బోటాక్స్ ఇంజెక్షన్ దవడ బలాన్ని కొన్ని నెలలు తగ్గిస్తుంది, మెదడు నుంచి వచ్చే సంకేతాన్ని మాత్రం ఆపదు.

మీ చేతి మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోకపోయినా, దవడ పట్టేసినా, కొరికినప్పుడు ఒకే పంట్లో చురుక్కుమన్నా ఈ మెట్లన్నీ పక్కనపెట్టి వెంటనే చూపించుకోండి.

పిల్లలైతే

పిల్లలు పళ్లు కొరికితే కడుపులో నులిపురుగులున్నాయని మందు పట్టించేస్తారు. ఆ రెండిటికీ సంబంధం ఉందనడానికి గట్టి రుజువు లేదు. పెద్దల కన్నా పిల్లల్లోనే కొరుకుడు ఎక్కువ, చాలామందిలో పెరిగేకొద్దీ అదే పోతుంది. నోరు తెరుచుకుని నిద్రపోతూ గురక పెడుతుంటే టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ ఒకసారి చూపించండి. లేదంటే ఆరు నెలలకోసారి పళ్లు చూపిస్తూ ఉంటే సరిపోతుంది. నిద్రలేపి తిట్టకండి, తను కొరుకుతున్న సంగతి ఆ పిల్లకూ తెలియదు.