కెమెరా ముందు మినియేచర్ భవనాన్ని నమ్మేలా కూల్చడం ఎలా?

తెలుగు సినిమా మద్రాసులో ఉన్న కాలంలో, 1957 నాటి ‘మాయాబజార్’ కోసం మార్కస్ బార్‌ట్లే కెమెరా చిన్న చిన్న నమూనా ఇళ్ల ద్వారకను మహానగరంగా చూపించింది. అలాంటి మినియేచర్‌ను కథలో కూల్చవలసి వస్తే, అది ఎలా పడాలో కట్టేటప్పుడే నిర్ణయించుకోవాలి.

చెన్నైలో మేడ మీద చిత్రీకరించుకునే లఘుచిత్ర బృందానికి 1/16 కొలత అనుకూలంగా ఉంటుంది. 16 మీటర్ల భవనం 1 మీటరుకు దిగుతుంది. అంతకన్నా చిన్నది చేయకపోవడమే మంచిది, ఎందుకంటే దుమ్ము, నీరు, మంట మనం చెప్పిన కొలతకు తగ్గవు.

గోడలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పలుచగా పోసి, పగలవలసిన చోట వెనకవైపు గాట్లు పెట్టి, కొద్దిపాటి జిగురుతో అతికించండి. థర్మకోల్ తేలికైనది కాబట్టి శిథిలాలకు బరువు కనిపించదు. లోపల అంతస్తులు, మెట్లు, మంచాలు, బీరువాలు తప్పక ఉండాలి. ఖాళీ డొల్ల కూలితే అది బొమ్మేనని ప్రేక్షకుడు వెంటనే పసిగడతాడు. దుమ్ము కోసం ప్రతి అంతస్తులోనూ ముల్తానీ మట్టి చల్లండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడి వానల్లో ప్లాస్టర్ త్వరగా ఆరదు, పచ్చిగా ఉన్నది పగలకుండా ముద్దగా జారుతుంది.

కింది స్తంభాలకు సన్నని తీగలు కట్టి, ముందు ఒక మూలను, క్షణం తర్వాత మిగతావాటిని లాగితే భవనం ఒరిగి కూలుతుంది. పేలుడు పదార్థాల జోలికి వెళ్లవద్దు; అది లైసెన్సు ఉన్న నిపుణుల పని.

అన్నిటికన్నా ముఖ్యమైనది వేగం. 16 మీటర్ల ఎత్తు నుంచి రాయి పడడానికి సుమారు 1.8 సెకన్లు, 1 మీటరు నుంచి 0.45 సెకను పడుతుంది. అంటే మినియేచర్ నాలుగు రెట్లు త్వరగా కూలుతుంది. సినిమా తెరపై సెకనుకు 24 ఫ్రేములతో (బొమ్మలతో) నడుస్తుంది; అంతకన్నా ఎక్కువ ఫ్రేములతో తీసి అదే 24తో ఆడిస్తే కూలడం నెమ్మదిగా, బరువుగా కనిపిస్తుంది. అందుకే కొలతలోని 16కు వర్గమూలం తీసి 24తో గుణించాలి: 4 × 24 = సెకనుకు 96 ఫ్రేములు. ఫోనులో 120 ఫ్రేములతో తీసినా సరిపోతుంది, అయితే మామూలు కరెంటు దీపాల వెలుగులో దృశ్యం మినుకుమంటుంది కనుక ఎండలోనే తీయండి. సముద్రపు గాలి లేవకముందే, ఉదయం పూట పూర్తిచేస్తే దుమ్ము ఒక పక్కకు కొట్టుకుపోదు.

మనిషి కంటి ఎత్తు ఈ కొలతలో దాదాపు 10 సెంటీమీటర్లే కాబట్టి కెమెరాను నేలకు ఆనించినట్టు పెట్టండి. కూలడానికి ముందు బాల్కనీలో ఆరేసిన బట్టలను, వెలుగుతున్న కిటికీని చూపించే షాట్లు విడిగా తీసుకోండి. అందులో ఎవరో బతికారని తెలిస్తేనే పతనానికి విలువ వస్తుంది. రెండో టేకు కావాలంటే మళ్లీ కట్టాల్సిందే కనుక కనీసం రెండు కెమెరాలు నడపండి. శిథిలాల దగ్గరి షాట్లు తీశాకే మేడ ఊడవండి.