ఎండలు ముదరకముందే పాత కారులో పెట్రోలు లీకేజీ చూసుకోండి

శివరాత్రి దాటిందంటే కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎండ లెక్కే మారిపోతుంది. ఏప్రిల్, మేలో 42, 43 డిగ్రీలు మామూలే. చలికాలమంతా 'కాస్త వాసనొస్తోందిలే' అని వదిలేసిన పాత కారు అసలు రంగు అప్పుడు బయటపడుతుంది. నీళ్లు గడ్డకట్టే చలిలో కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఎండకు ఆ ఆవిరి ఇంకా ఎక్కువ లేస్తుంది, ఎండిన రబ్బరు పైపు పగులు ఇంకా విచ్చుకుంటుంది. పదిహేనేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ కారు ఇంట్లో ఉంటే ఉగాదిలోపు ఒక పూట దీనికి కేటాయించండి.

ఇప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఆ పెట్రోలును తట్టుకునే సామానుతో కార్లు తయారవుతున్నది 2023 ఏప్రిల్ నుంచే. అంతకు చాలా ముందు వచ్చిన కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే పాత పద్ధతి) బండ్లలో పాత రబ్బరు పైపులు, వాషర్లు ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి, లేదా గట్టిపడి పగులుతాయి. పైపును వేళ్లతో వంచి చూస్తే సన్నటి గీతలు కనిపించినా, నొక్కితే బంకలా అతుక్కున్నా దాని పని అయిపోయినట్టే.

వాసన ఎప్పుడొస్తోంది?

లీకు ఎక్కడుందో వెతకడానికి ముందు అది ఏ వేళప్పుడు కనిపిస్తోందో రెండు మూడు రోజులు గమనించండి. సగం పని అక్కడే తీరుతుంది.

ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజే వాసన వచ్చి, సగానికి తగ్గాక పోతుంటే ట్యాంకు కింది భాగం జోలికి పోనక్కర్లేదు. పెట్రోలు పోసే గొట్టాన్ని ట్యాంకుకు కలిపే లావు రబ్బరు, పైనుండే సన్నటి గాలి పైపులు, పంపు కూర్చునే చోట సీలు చూడండి. బంకులో రౌండ్ ఫిగర్ కోసమని గన్ను ఆగాక కూడా ఇంకో యాభై రూపాయలకు పోయించుకునే అలవాటు ఇక్కడ తిరగబడుతుంది. 30 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే అర లీటరు పైగా ఉబ్బుతుంది. ఉబ్బింది ఎటో ఒకవైపు దారి వెతుక్కుంటుంది.

ఇంజిన్ తిరుగుతున్నంతసేపే కారుతుంటే పంపు నుంచి ఇంజిన్ దాకా ఉన్న ప్రెషర్ లైను, ఫిల్టరు దగ్గరి జాయింట్లు అనుమానించాలి. ఫిల్టరుకు బాంజో బోల్టు (పెట్రోలు లోపలి నుంచి పారే బోలు బోల్టు) ఉన్న బండ్లలో రెండు వైపులా వేసే రాగి లేదా అల్యూమినియం వాషర్లు ఒకసారి నొక్కుకుపోయాక మళ్లీ పనికిరావు. ఫిల్టరు మార్చి పాత వాషర్లే బిగించేయడం చాలా లీకులకు మూలం.

బండి ఆపిన పది నిమిషాలకు బానెట్ కింద నుంచి వాసన గుప్పుమంటే, అది కార్బొరేటర్ బండి అయితే, ఇంజిన్ వేడికి కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలు మరుగుతోందన్నమాట. గిన్నె నిండగానే పెట్రోలును ఆపే ఫ్లోట్ సూది సరిగా మూసుకోకపోయినా, పైమూత గ్యాస్కెట్ పోయినా బయటికి పొర్లుతుంది. ఇంజెక్షన్ బండిలో (ఇంజెక్టర్లు పెట్రోలును ఒత్తిడితో చిమ్మే రకం) తెల్లవారి చలికి స్టార్ట్ చేయగానే వాసన వచ్చి, వేడెక్కాక తగ్గితే ఇంజెక్టర్ల ఓ-రింగులు, అంటే రబ్బరు ఉంగరాలు, గట్టిపడి ఉంటాయి.

అన్నిటికంటే మోసం చేసేది పాత బండ్లలో ఇంజిన్ తిరిగే ఊపుతో పనిచేసే మెకానికల్ పంపు. లోపలి డయాఫ్రం (సాగే పొర) చిరిగితే కింద చుక్క పడకుండానే పెట్రోలు ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిలు పలచబడి, మట్టం దానంతట అదే పెరిగి ఉంటే ఆ బండిని ఇక స్టార్ట్ చేయొద్దు. పంపుతో పాటు ఆయిలు, ఆయిల్ ఫిల్టరు కూడా మార్చాలి.

ఏసీ నీళ్లు కింద పడటం చూసి కంగారుపడేవాళ్లూ ఉన్నారు. రాత్రి కారు కింద అట్టముక్క పరిచి పొద్దున్నే చూడండి. కడప బండల మీద పడిన పెట్రోలు చుక్క తెల్లారేసరికి ఆరిపోతుంది కానీ, అట్టమీద గుండ్రటి మరక, వాసన మిగులుతాయి.

పని మొదలుపెట్టే ముందు

పొద్దున ఆరింటికి, బండి రాత్రంతా ఆగి ఉన్నప్పుడు చేయండి. సైలెన్సరు చల్లగా ఉండాలి. ట్యాంకులో పావు వంతు కంటే ఎక్కువ ఉండకూడదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పాకుతూ పోతుంది. అందుకే మూసిన షెడ్డు, గ్రీజు గుంత, నీళ్ల సంపు పక్కన ఈ పని పనికిరాదు. ఇంటి వెనక వంటపొయ్యి, దేవుడి దగ్గర దీపం, బోరు మోటారు స్టార్టరు డబ్బా, ఫ్రిజ్ — ఇవన్నీ నిప్పురవ్వ పుట్టించేవే. కరెంటు పోతే కొవ్వొత్తి తెచ్చుకోకుండా బ్యాటరీ ఎల్‌ఈడీ లైటు ముందే పక్కన పెట్టుకోండి. డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషరు, రెండు బకెట్ల ఇసుక చేతికి అందేలా ఉండాలి. నీళ్లు పోస్తే పెట్రోలు తేలి మంట ఇంకా పరుచుకుంటుంది.

ఇంజెక్షన్ బండిలో ఇంజిన్ ఆపాక కూడా లైనులో దాదాపు 3 బార్ల ఒత్తిడి ఉంటుంది. పంపు ఫ్యూజు పీకి, ఇంజిన్ స్టార్ట్ చేసి దానంతట అదే ఆగిపోయేదాకా ఉంచండి. ఆగాక ఇంకోసారి రెండు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. ఆ తర్వాతే బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీయాలి. ఈ వరుస తారుమారైతే ఒత్తిడి తీయడానికి కరెంటే ఉండదు. ట్యాంకు మూత ఒకసారి వదులు చేసి లోపలి ఆవిరి పోనివ్వండి.

కారు ఎత్తాల్సి వస్తే జాకీ మీదే వదిలేసి కిందికి దూరొద్దు. స్టాండ్లు పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం వేయండి. నైలాన్ చొక్కా వద్దు, నూలుదే వేసుకోండి. పెట్రోలు పట్టడానికి మినరల్ వాటర్ సీసా కాకుండా లోహపు డబ్బా, అది కూడా నేలమీద పెట్టి.

నోటితో పైపు పీల్చి పెట్రోలు తీయడం మనవైపు ఇంకా పోలేదు. ఒక్క గుటక ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. మింగినవాళ్లకు వాంతి చేయించకూడదు, నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. చేతిపంపు కొనుక్కోండి.

పైపు మార్చడం

పాత పైపు ముక్కను కొట్టుకు తీసుకెళ్లి లోపలి వ్యాసం సరిచూసుకోండి. పైపు తొడిగే 6 మిల్లీమీటర్ల మూతికి 8 మిల్లీమీటర్ల పైపు వేసి క్లిప్పు గట్టిగా బిగిస్తే సరిపోతుందనుకోవడం తప్పు. కార్బొరేటర్ బండిలో ఒత్తిడి తక్కువ కాబట్టి మామూలు ఫ్యూయెల్ హోస్ చాలు. ఇంజెక్షన్ బండికి మాత్రం పైపు మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉన్నదే వేయాలి. మోటారుకో, కూలర్‌కో వాడే పారదర్శకపు ప్లాస్టిక్ పైపు రెండింటికీ పనికిరాదు, నెలల్లోనే పసుపెక్కి పెళుసవుతుంది.

పాత పైపు లాగితే రాకుంటే పొడవునా కత్తితో చీల్చి తీయండి. మెలి తిప్పితే కార్బొరేటర్ ఇత్తడి మూతి ఊడి చేతికొస్తుంది. తీసిన వెంటనే ట్యాంకు వైపు కొసను తగిన సైజు బోల్టుతో మూసేయండి, లేదంటే సైఫన్ పట్టి కారుతూనే ఉంటుంది. కొత్త పైపును 25 మిల్లీమీటర్ల దాకా లోపలికి తోసి, మూతి మీది ఉబ్బు దాటిన తర్వాత క్లిప్పు పడేలా చూడండి. సన్నటి పైపుకు అంచులు మడిచిన ఇంజెక్షన్ క్లిప్పు మంచిది. పళ్లున్న మామూలు క్లిప్పు రబ్బరును కోస్తుంది. పైపు సైలెన్సరుకు, ఫ్యాను బెల్టుకు తగలకుండా దారి చూసి కట్టాలి.

ఎంసీల్ పూయడం, టెఫ్లాన్ టేపు చుట్టడం, సైకిల్ ట్యూబు కట్టడం మరమ్మతు కిందికి రావు. ట్యాంకు అడుగున తుప్పు రంధ్రం పడితే సబ్బు ముక్క రుద్దడం కారడం తగ్గించి, ట్యాంకు ఖాళీ చేసేదాకా పనికొస్తుంది. అంతే. దాంతో నంద్యాలకో, తాడిపత్రికో ప్రయాణం పెట్టుకోవద్దు. వెల్డింగ్ షాపుకు ట్యాంకు మోసుకుపోయే ఆలోచన కూడా మానుకోండి. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరే బాంబు. ట్యాంకు మార్చడమే మేలు.

చేశాక పరీక్ష

చిందిన పెట్రోలు పూర్తిగా ఆరేదాకా అరగంట ఆగండి. ఫ్యూజు, బ్యాటరీ కలిపి, ఇంజెక్షన్ బండైతే కీ ఆన్ చేసి పంపు రెండు సెకన్లు గుయ్యిమన్నాక ఆఫ్ చేయండి. ఇలా మూడు నాలుగు సార్లు. ప్రతి జాయింటుకూ తెల్ల కాగితం తాకించి చూడండి. తడి లేకపోతేనే స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచి, వేడెక్కాక మళ్లీ చూడండి. తెల్లారి అట్టముక్క కూడా పొడిగా ఉండాలి. పెట్రోలు తడిసిన వేస్ట్ గుడ్డలను ఆరుబయట విడివిడిగా ఆరేయండి. మిగిలిన చెడ్డ పెట్రోలును మోరీలో పోయొద్దు.

డీజిల్ బండి ఉంటే నిప్పు భయం తక్కువే కానీ ఒక్క మాట గుర్తుంచుకోండి. కామన్ రైల్ ఇంజిన్ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. కారే చోటును వేలితో తడిమితే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం సూదిగుచ్చినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే. గ్యాస్ కిట్ ఉన్న కార్ల పైపులను మాత్రం ఇంట్లో ముట్టుకోకండి.

దారిలో, 44వ నంబరు హైవే మీద మిట్టమధ్యాహ్నం వాసన గుప్పుమంటే ఎండుగడ్డి లేని చోట పక్కకు ఆపి, ఇంజిన్ ఆపేసి అందరినీ దింపండి. బానెట్ సందుల్లోంచి పొగ వస్తుంటే దాన్ని ఎత్తొద్దు, గాలి అందిన మంట ముఖం మీదికే లేస్తుంది. దూరంగా వెళ్లి 101కో 112కో ఫోన్ చేయండి.