నెమ్మదిగా భయపెట్టే హారర్ సిరీస్‌ను ఎలా చూడాలి?

"రెండు ఎపిసోడ్‌లు చూశా, ఏమీ జరగలేదు, ఆపేశా." ఈ మాట చాలామంది నోట విన్నాను. ఎలా చూశారని అడిగితే హాల్లో ట్యూబ్‌లైట్ వేసుకుని, ఓ పక్క భోంచేస్తూ, మధ్యమధ్యలో ఫోన్‌లో మెసేజ్‌లు చూసుకుంటూ అని తేలుతుంది. ఇలాంటి కథలు మనసులో ఒక చిన్న అనుమానం నాటి, దాన్ని గంటల తరబడి పెంచుతాయి. మనం పూర్తిగా కూర్చోకపోతే అది మొలకెత్తదు.

ఇదివరకు ఇలాంటివి చూడకపోతే 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్'తో మొదలుపెట్టండి. 2018 అక్టోబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. పది ఎపిసోడ్‌లూ మైక్ ఫ్లానగన్ ఒక్కడే డైరెక్ట్ చేశాడు. పాత ఇళ్లు కొని బాగుచేసి అమ్ముకునే దంపతులు 1992 వేసవిలో ఐదుగురు పిల్లలతో ఓ పెద్ద బంగళాలో దిగుతారు. ఒక రాత్రి తండ్రి పిల్లల్ని కారెక్కించుకుని పారిపోతాడు. తల్లి మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. పెద్దయ్యాక కూడా ఆ రాత్రి వాళ్లను వదలదు.

ముందుగా మీ మనసు ఎలా ఉందో చూసుకోండి. ఇందులో ఆత్మహత్య ఉంది, డ్రగ్స్ వ్యసనం ఉంది, అన్నిటికీ మించి చావు తెచ్చే దుఃఖం ఉంది. మా అమ్మమ్మ పోయిన నెలకే నేను దీన్ని మొదలుపెట్టాను. శవానికి అలంకారం చేసే సీన్ దగ్గర చేతులు చల్లబడిపోయి ఆపేశాను. ఆరు నెలలు ఆగి మళ్లీ మొదటి నుంచి చూశాను. మీ ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే తొందరపడకండి.

తర్వాత టీవీ సంగతి. సగం సీన్లు చీకట్లోనే ఉంటాయి కాబట్టి లైట్లు ఆర్పేయండి. పిక్చర్ సెట్టింగ్స్‌లో 'వివిడ్' తీసేసి 'సినిమా' మోడ్ పెట్టండి. ఫోన్ వేరే గదిలో ఉంచండి.

ఆ ఐదుగురు పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసుకుంటే మంచిది: స్టీవెన్, షర్లీ, థియో, కవలలు లూక్, నెల్. చిన్నప్పుడు ఒకరు, పెద్దయ్యాక ఒకరు నటించారు. కథ అప్పటికీ ఇప్పటికీ మారుతూ ఉంటుంది కాబట్టి మొదట్లో తికమక సహజం. మొదటి ఐదు ఎపిసోడ్‌లలో ఒక్కొక్కటి ఒక్కొక్కరిది. ఒకరి కళ్లతో చూసినప్పుడు మామూలుగా అనిపించిన సంఘటనే ఇంకొకరి కళ్లతో చూస్తే గుండె జారిపోయేలా ఉంటుంది. "ఏమీ జరగలేదు" అన్నవాళ్లు రెండో ఎపిసోడ్‌తోనే ఆపేశారు కదా, వాళ్లు పోగొట్టుకున్నది ఇదే. ఐదో ఎపిసోడ్ దాకా ఓపిక పట్టండి.

ఇక అసలు పని: మాట్లాడుతున్న మనిషి వెనక చూడండి. తలుపు సందుల్లో, మెట్ల కింద, మసక గోడల దగ్గర దెయ్యాలను దాచిపెట్టారు. మ్యూజిక్ పెరగదు, కెమెరా అటు తిరగదు, ఇంట్లోవాళ్లు కూడా పట్టించుకోరు. ఒక మొహం అలా నిలబడి ఉంటుంది, అంతే. మన దృష్టంతా కింద సబ్‌టైటిల్స్ మీదే ఉంటే అవి కనబడకుండానే వెళ్లిపోతాయి. నేనైతే అనుమానం వచ్చిన చోట పది సెకన్లు వెనక్కి వెళ్లి, ఈసారి చదవకుండా మూలలు మాత్రమే చూస్తాను. ఒక్కటి దొరికిందంటే చాలు, ఆ తర్వాత ఖాళీ గది చూపించినా టెన్షనే.

ఆరో ఎపిసోడ్‌ను మాత్రం మధ్యలో ఆపకుండా చూడండి. బయట హోరున వాన, లోపల శవపేటిక, చుట్టూ ఒకరినొకరు నిందించుకునే తోబుట్టువులు. ఎపిసోడ్‌లో ఎక్కువ భాగం కెమెరా ఆపకుండా తీసిన ఐదు పొడవాటి షాట్‌లలో నడుస్తుంది. వాటిలో ఒకటి దాదాపు 17 నిమిషాలు. తండ్రి నడవాలో నడుచుకుంటూ వెళ్లి, కట్ లేకుండానే పాత బంగళాలోకి అడుగుపెడతాడు. అక్కడ నాకు దెయ్యం కంటే ఆ తండ్రి మొహమే ఎక్కువ భయం వేసింది.

రోజుకి రెండు ఎపిసోడ్‌లు మించొద్దు. ఎనిమిదో ఎపిసోడ్‌లో అక్కాచెల్లెళ్లు కారులో గొడవపడే సీన్ దగ్గర సౌండ్ తగ్గించకండి.

పదోది అయిపోయాక మొదటి ఎపిసోడ్ మళ్లీ పెట్టండి. ఈసారి దెయ్యాల్ని వెతక్కండి, పిల్లలు ఆడుకునే గదుల్లో కిటికీ ఎలా ఉందో చూడండి.