ఈఏపీకి మొదటి ఫోన్ చేసేముందు

అమెరికా యూనివర్సిటీల్లో పనిచేసే మనవాళ్లని అడగండి, రిటైర్మెంట్ ఖాతాలో యూనివర్సిటీ ఎంత వేస్తుందో పైసాతో సహా చెప్తారు, ఈఏపీ ఏమిటంటే మాత్రం "ఏమో, ఓరియెంటేషన్ రోజు ఏదో అన్నారు" అంటారు. నేనూ ఆ బాపతే. చేరిన నాలుగేళ్లకి, గుంటూరులో నాన్నకి పక్షవాతం వచ్చి, రాత్రి రెండింటికి అన్నయ్యతో ఫోను, పొద్దున్న తొమ్మిదింటికి క్లాసు, ఇలా మూడు వారాలు గడిచాక గానీ ఆ నంబరు వెతకలేదు.

ఈఏపీ అంటే ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్. యూనివర్సిటీ డబ్బు కడుతుంది, మీరు కొన్ని సెషన్లు కౌన్సెలర్‌తో ఉచితంగా మాట్లాడొచ్చు. కోపే (వెళ్లినప్పుడల్లా మనం కట్టే వాటా) లేదు, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేముందు మనం కట్టాల్సిన మొత్తం) లేదు. మామూలుగా మూడు నుంచి ఎనిమిది సెషన్లు ఇస్తారు. చాలా ప్లాన్లలో ఈ లెక్క మనిషికి కాదు, సమస్యకి. నాన్న జబ్బు గురించి ఆరు సెషన్లు వాడేశాక అదే ఏడాది టెన్యూర్ (ప్రొఫెసర్ ఉద్యోగం పర్మనెంట్ అవడం) టెన్షన్ మొదలైతే అది వేరే సమస్య, మళ్లీ సెషన్లు అడగొచ్చు. ఈ సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు, మీరే అడగాలి.

ముందు మీ యూనివర్సిటీది ఏ రకమో చూసుకోండి. కొన్ని చోట్ల కౌన్సెలర్లు యూనివర్సిటీ ఉద్యోగులే, మిషిగన్ యూనివర్సిటీలో ఫాస్కో అనే ఆఫీసు అలాంటిదే. చాలాచోట్ల బయటి కంపెనీకి అప్పగిస్తారు, వాళ్ల ఫోన్ లైను 24 గంటలూ ఉంటుంది. నంబరు హెచ్ఆర్ బెనిఫిట్స్ పేజీలో దొరుకుతుంది, ఎవర్నీ అడగక్కర్లేదు.

పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ అయ్యాక తాత్కాలికంగా పరిశోధన చేసేవాళ్లు) ఇంకొకటి చూసుకోవాలి. జీతం మీ ప్రొఫెసర్ గ్రాంటు నుంచి వస్తుంటే సాధారణంగా ఉద్యోగి లెక్కే, ఫెలోషిప్ స్టైపెండ్ అయితే కాగితం మీద ఉద్యోగి కాకపోవచ్చు, అప్పుడు ఈఏపీ వర్తిస్తుందో లేదో పోస్ట్‌డాక్ ఆఫీసులో కనుక్కోండి. పీహెచ్‌డీ చేస్తూ టీఏగా (టీచింగ్ అసిస్టెంటుగా) ఉన్నవాళ్లకి ఎక్కువగా స్టూడెంట్ కౌన్సెలింగ్ సెంటరే దిక్కు.

ఇక ఫోన్. మీ సొంత ఫోన్ నుంచి చేయండి, యూనివర్సిటీ ఈమెయిల్ ఇవ్వకండి, ఆ ఇన్‌బాక్స్ మీది కాదు, యజమానిది. నేను పార్కింగ్ గరాజ్‌లో కార్లో కూర్చుని చేశాను. ఎత్తినావిడ పేరు, పుట్టిన తేదీ, ఏ యూనివర్సిటీ, వాయిస్‌మెయిల్ పెట్టొచ్చా అని అడిగి, నాన్న గురించి సగం చెప్పానో లేదో, "మీకు చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా" అంది. నాకు గుండె జారిపోయింది, ఈవిడ నన్ను ఏ లిస్టులో రాస్తోందో అని. తర్వాత తెలిసింది, అది అందర్నీ అడిగే ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నిజంగా అలా అనిపిస్తుంటే మాత్రం ఈఏపీ అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవాళ్ల కోసం ఉన్న హెల్ప్‌లైన్ 988కి చేయండి. 2022 జులై నుంచి దేశమంతా పనిచేస్తున్న నంబరది.

పెట్టేసేముందు అథరైజేషన్ నంబరు (మీ సెషన్లకి ఈఏపీ ఒప్పుకుందని చూపే నంబరు) అడిగి రాసుకోండి. నేను రాసుకోలేదు. దాంతో కౌన్సెలర్ ఆఫీసువాళ్లు బిల్లు ఈఏపీకి బదులు నా ఇన్సూరెన్స్‌కి పంపారు, ఉచితమన్న సెషన్‌కి ఇంటికి కాగితం వచ్చింది, అది సరిచేయడానికి నాలుగు ఫోన్లు. అప్పుడు పుట్టిన టెన్షన్‌కి ఇంకో సెషన్ అడగాలేమో! అలాగే ఈఏపీవాళ్లిచ్చిన కౌన్సెలర్ల లిస్టులో ముగ్గురికి చేస్తే ముగ్గురూ కొత్తవాళ్లని తీసుకోవడం లేదన్నారు. నిరాశపడి వదిలేయకుండా మళ్లీ ఈఏపీకే చేసి, ఖాళీ ఉన్న మనిషిని మీరే చూసిపెట్టమని అడగండి. తెలుగు వచ్చినవాళ్లు కావాలనీ అడగొచ్చు, దొరక్కపోయినా పోయేదేం లేదు. ఇంకొకటి, ఉచిత సెషన్లు అయిపోయాక అదే కౌన్సెలర్ మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉంటారా లేదా అన్నది మొదటి రోజే తేల్చుకోండి, మధ్యలో మనిషి మారితే కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. మందులు కావాలంటే ఈఏపీ కౌన్సెలర్ రాయరు, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

అందరి భయం ఒక్కటే, డిపార్ట్‌మెంట్ హెడ్ అయిన చైర్‌కి తెలుస్తుందా, వీసాకి ఏమన్నా అవుతుందా అని. మీ అంతట మీరు వెళ్తే మీరు వెళ్లిన సంగతి డిపార్ట్‌మెంట్‌కి చెప్పరు, ఇమిగ్రేషన్‌కి పంపే పనే లేదు. యూనివర్సిటీకి వెళ్లేది మొత్తం ఎంతమంది వాడారన్న లెక్క. మినహాయింపులు ఉన్నాయి: ప్రాణాపాయం, పిల్లల మీద హింస, కోర్టు ఆర్డరు. పై అధికారే మిమ్మల్ని అధికారికంగా పంపితే మాత్రం సంతకం పెట్టమని ఒక ఫారం ఇస్తారు, మీరు హాజరయ్యారా లేదా అన్నది ఆయనకి చెప్పడానికి. ఏం చెప్తారో ఆ ఫారంలో పూర్తిగా చదివాకే సంతకం పెట్టండి.

ఈ గోప్యతకి ఇంకో వైపు కూడా ఉంది. ఈఏపీకి చెప్పుకుంటే హెచ్ఆర్‌కి చెప్పినట్టు కాదు. సెలవు కావాలంటే విడిగా హెచ్ఆర్‌లో అడగాలి. 12 నెలల సర్వీసు, గడిచిన ఏడాదిలో 1,250 గంటల పని ఉంటే ఎఫ్ఎంఎల్ఏ (కుటుంబ, వైద్య సెలవుల చట్టం) కింద 12 వారాల దాకా జీతం లేని సెలవు దొరకొచ్చు, తల్లిదండ్రుల తీవ్రమైన జబ్బు కూడా దాని కిందికి వస్తుంది. నాకీ సంగతి చెప్పింది ఆ కౌన్సెలరే.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చి రోజంతా అపార్ట్‌మెంట్‌లో ఒక్కరే ఉండే భార్యకో భర్తకో కూడా చాలా ప్లాన్లలో ఇవే సెషన్లు ఉంటాయి. నన్నడిగితే ఈ బెనిఫిట్ అసలు అవసరం వాళ్లకే ఎక్కువ. వాళ్లు ఫోన్ చేస్తే ఏం మాట్లాడారో మీకు చెప్పరు, మీరూ అడగకండి.

ఇండియా ప్రయాణం ఉంటే టికెట్ కొన్న రోజే కౌన్సెలర్‌కి చెప్పండి. వాళ్ల లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, మీరు గుంటూరులో కూర్చుని వీడియో సెషన్ అంటే చాలామంది కుదరదంటారు. అక్కడున్నన్నాళ్లూ ఇండియా సిమ్ నుంచి 14416కి చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు పడవు.