అణువుల ఆకృతి, 4వ పాఠం: ఒంటరి జంటను లెక్కలోకి తీసుకోవడం

గత పాఠంలో గీసిన చుక్కల నిర్మాణాలను (బయటి ఎలక్ట్రాన్లను చుక్కలుగా చూపే బొమ్మలను) ముందు పెట్టుకోండి. ఈ రోజు వాటి నుంచి ఆకృతిని, ఆకృతి నుంచి ధ్రువత్వాన్ని, అంటే అణువులో విద్యుదావేశం ఒక వైపుకు మొగ్గడాన్ని, రాబట్టాలి. ఈ క్రమం తారుమారు కాకూడదు.

1957లో గిలెస్పీ, నైహోమ్ ఒక రూపానికి తెచ్చిన సూత్రం ఇది: కేంద్ర పరమాణువు చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ జంటలు వికర్షించుకుని, ఒకదానికొకటి వీలైనంత దూరంగా సర్దుకుంటాయి. ద్విబంధాన్ని ఒకే జంటగా లెక్కించండి. బంధ జంటను రెండు కేంద్రకాలు ఆకర్షిస్తాయి. ఒంటరి జంటను, అంటే బంధంలో పాల్గొనని జంటను, ఆకర్షించేది ఒక్కటే. అందుకే అది ఎక్కువ చోటు తీసుకుని పక్క బంధాలను నెడుతుంది. మీథేన్, అమ్మోనియా, నీరు మూడింటిలోనూ నాలుగేసి జంటలున్నా, ఒంటరి జంటలు సున్నా, ఒకటి, రెండు అయ్యేకొద్దీ బంధకోణం 109.5 డిగ్రీల నుంచి సుమారు 107కి, ఆపై 104.5కి తగ్గుతుంది. ఆకృతికి పేరు పెట్టేటప్పుడు మాత్రం పరమాణువుల స్థానాలే చూడాలి: అమ్మోనియా పిరమిడ్, నీరు వంగిన అణువు.

ఇక ధ్రువత్వం. ప్రతి బంధం మీద ఋణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కునే గుణం) ఎక్కువున్న పరమాణువు వైపు బాణం గీయండి. కార్బన్ డయాక్సైడ్‌లో రెండు బాణాలూ ఎదురెదురు దిక్కుల్లో ఉండి రద్దవుతాయి. నీటిలో రద్దు కావు. దాని ద్విధ్రువ భ్రామకం, అంటే ధ్రువత్వపు కొలత, 1.85 డిబై (ఆ కొలతకు ప్రమాణం). నీటి అణువు తిన్నగా ఉండి ఉంటే అది సున్నా అయ్యేది, ఉప్పు నీటిలో ఇంత సులువుగా కరిగేదే కాదు.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ దగ్గర. ఇక్కడ తొందరపడకండి. ఋణవిద్యుదాత్మకతల తేడా నైట్రోజన్, హైడ్రోజన్‌ల మధ్య 0.84, నైట్రోజన్, ఫ్లోరిన్‌ల మధ్య 0.94. తేడాలు మాత్రమే చూస్తే ఫ్లోరైడే ఎక్కువ ధ్రువమనిపిస్తుంది. కొలిస్తే అమ్మోనియాకు 1.47 డిబై, ఫ్లోరైడ్‌కు దాదాపు 0.23. రెండూ పిరమిడ్లే, రెండింటికీ ఒక్కో ఒంటరి జంట ఉంది. ఆ జంట నుంచి కూడా, నైట్రోజన్‌కు బయటి వైపుగా, ఒక బాణం గీయండి. అమ్మోనియాలో బంధాల బాణాలు నైట్రోజన్ వైపే వస్తాయి కనుక అన్నీ ఒకే దిక్కున కూడతాయి. ఫ్లోరైడ్‌లో అవి ఫ్లోరిన్ల వైపు పోతాయి, ఒంటరి జంట బాణం వాటికి ఎదురు తిరుగుతుంది. ఆకృతి ఒకటే అయినా ఫలితం ఇంత మారడం ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం.

అభ్యాసం: బోరాన్ ట్రైఫ్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్‌లలో ఏది ధ్రువ అణువు? కారణాన్ని బొమ్మతో చూపండి. జినాన్ టెట్రాఫ్లోరైడ్‌లో జినాన్‌పై రెండు ఒంటరి జంటలున్నా ద్విధ్రువ భ్రామకం సున్నా. ఆరు జంటలను సర్ది, ఆ రెండూ ఎక్కడుండాలో ప్రయత్నించి చూడండి. 5వ పాఠం అక్కడే మొదలవుతుంది.