ఆన్‌లైన్‌లో కొన్నది రాకపోతే డబ్బు ఎలా రాబట్టుకోవాలి

డబ్బు కట్టేశారు. చెప్పిన తేదీ దాటిపోయింది. అమ్మినవాడు మొదట్లో "రేపు వచ్చేస్తుంది మేడమ్" అన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇక్కడ చాలామంది వాడి వెంట పడతారు. మెసేజ్ మీద మెసేజ్ పెడతారు, బతిమాలతారు, తిడతారు, వాడు బ్లాక్ చేశాక పోతేపోయిందిలే అని ఊరుకుంటారు. నన్నడిగితే ముందు వాణ్ణి వదిలేసి, మీ డబ్బు ఏ దారిన వెళ్ళిందో చూడండి అంటాను. క్రెడిట్ కార్డా, డెబిట్ కార్డా, దుకాణం పేరుతో ఉన్న యూపీఐ ఖాతానా, ఎవరిదో సొంత ఫోన్ నంబరా? డబ్బు వెళ్ళిన దారినే వెనక్కి రావాలి. ఎవరికి రాయాలి, ఎంత గడువుంది, ఏం రాయాలి అన్నవన్నీ దాన్నిబట్టే తేలతాయి.

నేను ఒక బ్యాంకులో కార్డు డిస్ప్యూట్ల (కార్డు చెల్లింపుల మీద కస్టమర్లు పెట్టే అభ్యంతరాల) సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. నిజంగా డబ్బు పోగొట్టుకున్నవాళ్ళ ఫిర్యాదులే వెనక్కి తిరిగిపోవడం అక్కడ బాగా చూశాను. అబద్ధం చెప్పి కాదు, రాయాల్సింది రాయక.

మొదట ఒక్కటి తేల్చుకోండి. ఖాతాలో డబ్బు కట్ అయింది గానీ అసలు ఆర్డరే పడలేదా? అలాగైతే అది వేరే కథ. అమ్మినవాడితో మీకు పని లేదు. యూపీఐతో దుకాణానికి కట్టిన డబ్బు ఇక్కడ కట్ అయి అక్కడ అందినట్టు ఖరారు కాకపోతే, 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకి వంద రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే నిబంధన పెట్టింది. ఆ వంద చాలామంది అడగరు. అడగండి. ఆర్డరు పడి, డబ్బు అందీ వస్తువు రానప్పటి సంగతే ఇక్కడ చెబుతున్నాను.

ఈ రాత్రే చేయాల్సిన పని ఆధారాలు దాచుకోవడం. రేపటికి ఆ వెబ్‌సైటు ఉండకపోవచ్చు. వస్తువు పేజీ, ధర, ఆర్డరు వచ్చిందని పంపిన మెయిల్, డబ్బు కట్టిన రసీదు, చాట్ అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి. వాట్సాప్‌లో మాట్లాడి ఉంటే మొత్తం చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేయండి. మధ్యలో రెండు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్ పెడితే, పైన ఏముందో, కింద ఏముందో అని అడుగుతారు. యూపీఐ అయితే ఆ చెల్లింపుని గుర్తించే 12 అంకెల యూటీఆర్ నంబరు రాసిపెట్టుకోండి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది "ఫలానా తేదీలోగా అందుతుంది" అని వాళ్ళు రాసిన చోటు. కార్డు నిబంధనల్లో గడువు లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే.

తర్వాత అమ్మినవాడికి ఒకే ఒక్క మెయిల్. కోపం తెచ్చుకోకుండా, ఇలా:

"ఫలానా తేదీన, ఫలానా నంబరు ఆర్డరుకి రూ. 14,500 చెల్లించాను. మీరు ఇస్తామన్న తేదీ దాటినా వస్తువు నాకు అందలేదు. ఇక నాకు ఆ వస్తువు అక్కర్లేదు, ఆర్డరు రద్దు చేస్తున్నాను. ఏడు రోజుల్లోగా మొత్తం డబ్బు నేను చెల్లించిన ఖాతాకే తిరిగి జమ చేయండి."

అంతే. వాడు జవాబిస్తాడని కాదు ఇది. "మీరు వ్యాపారిని అడిగారా?" అని బ్యాంకు ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. దానికి జవాబు ఈ మెయిల్. ఫోన్లో వందసార్లు అడిగాను అంటే కాగితం మీద అది లెక్కలోకి రాదు.

కార్డుతో కట్టినవాళ్ళకి ఉన్న హక్కు పేరు చార్జ్‌బ్యాక్. డెబిట్ కార్డుకి కూడా ఉంటుందని చాలామందికి తెలియదు. మన బ్యాంకు వీసా లాంటి కార్డు నెట్‌వర్క్ ద్వారా వ్యాపారి బ్యాంకుని అడిగి డబ్బు వెనక్కి లాగుతుంది. వీసా నిబంధనల్లో "వస్తువు అందలేదు" అన్న డిస్ప్యూట్‌కి, అందాల్సిన చివరి తేదీ నుంచి 120 రోజుల గడువుంది. ఇది బ్యాంకు దాఖలు చేయడానికున్న గడువు. మీ ఫారం బ్యాంకుకి చాలా ముందే చేరాలి. "ఇంకో పది రోజులు చూడండి మేడమ్" అని సాగదీసేవాళ్ళలో కొందరికి ఈ లెక్క మనకన్నా బాగా తెలుసు.

ఫారంలో మీ కొంప ముంచేది కారణం దగ్గర పెట్టే టిక్కు. చాలామంది "ఈ లావాదేవీ నేను చేయలేదు" అన్న గడిలో టిక్కు పెడతారు. మోసం కదా, అదే సరైనది అనుకుంటారు. బ్యాంకు రికార్డు తీస్తే మీ ఫోన్‌కి ఓటీపీ వెళ్ళింది, మీరే కొట్టారు. ఇంకేముంది, ఫిర్యాదు మూసేస్తారు. మూడు పనిదినాల్లో చెబితే కస్టమరుకి నష్టం ఉండదన్న 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన కూడా మనకి తెలియకుండా ఎవరో డబ్బు లాగేసిన కేసులకే. మీరే కట్టిన డబ్బుకి అది వర్తించదు. కాబట్టి టిక్కు పెట్టాల్సింది "వస్తువు లేదా సేవ అందలేదు" దగ్గర. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినా ఈ మాటే చెప్పండి. "ఫ్రాడ్ జరిగింది" అన్నారంటే అవతలివాళ్ళు కార్డు బ్లాక్ చేసి వేరే గడిలో రాసుకుంటారు. అసలు విషయం అక్కడే తప్పిపోతుంది.

వివరణ రాయమన్న చోట కూడా అయిదారు వాక్యాలు చాలు. ఏ తేదీన ఏం కొన్నాను, ఎప్పటికి ఇస్తామన్నారు, అందలేదు, ఏ తేదీన అడిగాను, ఏమన్నారు. ఆ కుర్చీలో ఉన్నవాళ్ళు మీ బాధ చదవరు, తేదీలు చదువుతారు. రాతిగుండె అనుకోకండి, టేబుల్ మీద అన్ని ఫైళ్ళుంటాయి మరి.

ఫిర్యాదు తీసుకున్నాక కొన్ని బ్యాంకులు డబ్బు తాత్కాలికంగా జమ చేస్తాయి. గెలిచేశామని ఖర్చు పెట్టేయకండి, వ్యాపారి జవాబు నచ్చితే మళ్ళీ తీసేసుకుంటాయి. క్రెడిట్ కార్డైతే మిగతా బిల్లు మామూలుగా కట్టేయండి. డిస్ప్యూట్ ఉంది కదా అని మొత్తం ఆపేస్తే వడ్డీ, లేటు ఫీజు మీ నెత్తినే పడతాయి.

ఇక వ్యాపారి ఏం జవాబిస్తాడంటే, చాలాసార్లు ఒక ట్రాకింగ్ నంబరు ఇస్తాడు. తెరిస్తే "డెలివర్డ్" అని ఉంటుంది. మా తోడికోడలికి సరిగ్గా ఇదే జరిగింది. ఇంట్లో బట్టలు కుట్టి నాలుగు డబ్బులు సంపాదించుకుందామని మోటారు కుట్టు మిషన్ ఒకటి డెబిట్ కార్డుతో ఆర్డరు పెట్టింది. మిషన్ రాలేదు, కొరియర్ సైట్లో మాత్రం అందినట్టు చూపిస్తోంది. ఆమె హడలిపోయింది. నేను కొరియర్ ఆఫీసుకి మెయిల్ పెట్టించి, డెలివరీ చేసినట్టు రుజువు, బుకింగ్ బరువు, ఇచ్చిన చిరునామా అడిగించాను. వచ్చిన కాగితంలో పిన్‌కోడ్ మాదే, వీధి మాది కాదు, సంతకం ఎవరిదో. బరువు 100 గ్రాములు. కుట్టు మిషన్ 100 గ్రాములు ఎలా తూగుతుంది? అదే పిన్‌కోడ్‌లో ఎవరికో ఒక ఖాళీ కవరు పంపి, ఆ నంబరు మనకి అంటగట్టారు. ఆ కాగితం ఒక్కటి జత చేసి బ్యాంకుకి తిరిగి రాయించాను, డబ్బు నిలిచింది. "డెలివర్డ్" అని కనిపించగానే నీరుగారిపోకండి. బరువు అడగండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, అన్యాయంగా తోసిపుచ్చినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ లేదు. కాకపోతే అక్కడ చూసేది బ్యాంకు చేసిన పనినే, వ్యాపారి మోసాన్ని కాదు.

యూపీఐకి వద్దాం. ఇక్కడ పరిస్థితి అంత బాగోదు, ఉన్నమాట చెప్పాలి. దుకాణం పేరుతో ఉన్న వ్యాపార ఖాతాకి కట్టి ఉంటే, యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు నమోదు చేయండి, మీ బ్యాంకుకి కూడా రాయండి. ఎవరిదో సొంత నంబరుకి పంపి ఉంటే, బ్యాంకు దృష్టిలో అది మీరు చుట్టానికి డబ్బు పంపడం లాంటిదే. "మీరే పంపారు కదా" అంటుంది. అప్పుడు మిగిలేది వేగం ఒక్కటే. అమ్మినవాడు మాయమయ్యాడని అనిపించిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ ఆర్థిక మోసాల జాతీయ హెల్ప్‌లైన్. ఫిర్యాదు ఎక్కగానే డబ్బు చేరిన బ్యాంకుకి సమాచారం వెళ్ళి, ఆ ఖాతాలో మిగిలి ఉన్నంతవరకు ఆపుతారు. వాళ్ళు దాన్ని ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి తిప్పేస్తుంటారు కాబట్టి, పొద్దున చేద్దాంలే అనుకుంటే కుదరదు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తి చేసి, వచ్చిన నంబరుతో పోలీసు స్టేషన్‌కి వెళ్ళండి. ఆపిన డబ్బు మీ ఖాతాకి రావడానికి కోర్టు ఆదేశం కావాల్సి రావచ్చు. మధ్యమధ్యలో వెళ్ళి గుర్తుచేయాల్సిందే.

పెద్ద షాపింగ్ యాప్‌లో కొన్నవాళ్ళు కాస్త అదృష్టవంతులు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి ప్లాట్‌ఫామ్‌కీ ఫిర్యాదులు చూసే ఒక గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. చాట్‌లో బాటుతో గంటలు గంటలు మాట్లాడే బదులు, సైటు అడుగున ఉండే ఆ ఆఫీసరు మెయిల్‌కి రాయండి. అమ్మినవాడు ఫోన్ చేసి "యాప్‌లో కంప్లైంట్ తీసేయండి, నేనే డబ్బు పంపిస్తా" అంటే తీసేయొద్దు. ముందు డబ్బు ఖాతాలో పడాలి.

వీటితో పాటు 1915కి చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఇది, తెలుగులోనే మాట్లాడొచ్చు. అది కోర్టు కాదు, ఎవర్నీ ఆదేశించలేదు. మీ ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు రాబడుతుంది. పేరున్న కంపెనీలు దీనికి కదులుతాయి, ఇన్‌స్టా పేజీ పెట్టుకుని అమ్మేవాడు కదలడు.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కోర్టు అనగానే టెన్షన్ పడతారు గానీ, దీనికి వకీలు తప్పనిసరి కాదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తెచ్చిన మేలు ఇది. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, వీడియోలో హాజరయ్యేందుకు అనుమతి అడగొచ్చు. వివాదం మొదలైన రెండేళ్ళలోపు వేయాలి. కట్టిన డబ్బు, వడ్డీ, మానసిక వేదనకి పరిహారం, ఖర్చులు అన్నీ ఫిర్యాదులోనే అడగాలి. అడగనిది సాధారణంగా ఇవ్వరు.

"వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులే కాదు" అని అవతలివాళ్ళు అడ్డుపుల్ల వేయొచ్చు. తిరిగి అమ్మడానికి కొన్న సరుకైతే ఆ మాట నిజమే. కానీ సొంతంగా పనిచేసుకుని బతకడానికి కొన్నది అయితే చట్టమే మినహాయింపు ఇచ్చింది. మా తోడికోడలి కుట్టు మిషన్ లాంటిది ఆ కోవలోకే వస్తుంది.

కమిషన్‌కి వెళ్ళాలంటే ఎదుటివాడి అసలు పేరు, చిరునామా కావాలి. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందేమో చూడండి. 15 అక్షరాలుంటుంది, మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్: తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే రిజిస్టరైన పేరు, వ్యాపార స్థలం వస్తాయి. సైటు పేరు ఒకటి, అసలు యజమాని పేరు ఇంకొకటి ఉండటం మామూలే. కేసు వేసేముందు ఇచ్చే నోటీసు అసలు పేరుకి స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి. జీఎస్టీ నంబరు దొంగదని తేలితే ఆ స్క్రీన్‌షాట్ పోలీసు ఫిర్యాదుకి జత చేయండి.

ఇవన్నీ నడుస్తుండగా మీకు ఇంకో ఫోన్ రావచ్చు. "మీ రిఫండ్ రెడీ అయింది, ఈ యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి", "ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. కంపెనీ కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికితే దొంగ నంబర్లూ కనిపిస్తాయి, యాప్ లోపల ఉన్న నంబరే వాడండి. "పోయిన డబ్బు తెచ్చిపెడతాం, ముందు ఫీజు కట్టండి" అనేవాడికి ఒక్క రూపాయి ఇవ్వకండి.

కమిషన్‌లో గెలిచినా డబ్బు దానంతటదే రాదు. ఆర్డరులో ఇచ్చిన గడువు దాటితే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయాలి. ఆదేశం పాటించనివాళ్ళకి నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు గానీ, 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. పిటిషన్ నోటీసు చేతికందాక ఫోన్ ఎత్తి "అకౌంట్ నంబరు చెప్పండి మేడమ్" అనేవాళ్ళు ఉంటారు. నంబరు ఫోన్లో చెప్పకండి, మెయిల్‌లో పంపండి. డబ్బు మొత్తం పడ్డాకే పిటిషన్ వెనక్కి తీసుకోండి.