రొయ్యల గుంటకు సలహా చెప్పే యాప్: తెర ఎలా గీయాలి?

కాగితం, పెన్సిలు, ఒక చవక ఫోను చాలు. కంప్యూటర్ తెరవకముందే ఇందుకూరుపేట వైపో, కొత్తపట్నం వైపో వెళ్లి ఒక రాత్రి గుంట గట్టు మీద గడపండి. ఏసీ గదిలో గీసిన తెరలు గట్టు మీద తేలిపోవడం చూసి చూసి విసుగొచ్చింది.

రైతు తేల్చుకోవలసినవి రాసుకోండి: ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) వేయాలా, మేత తగ్గించాలా, పట్టుబడికి (రొయ్యలు పట్టి అమ్మడానికి) వెళ్లాలా. ఒక్కోదానికి ఒక్కో తెర. అక్షరాలు పెద్దవిగా, బటన్లు తడి బొటనవేలికి అందేలా ఉండాలి. ఎరుపు, పచ్చ తేడా తెలియని మగవాళ్లు ఉంటారు కాబట్టి రంగు పక్కన మాట కూడా రాయండి. గుండ్రటి మీటరు బొమ్మలు పెట్టవద్దు. నాకు గిట్టవు.

అసలు చిక్కంతా సలహా వాక్యం దగ్గరే. 'ఆక్సిజన్ 3.4 పీపీఎం' (నీటి పది లక్షల పాళ్లలో 3.4 పాళ్లు) అని ఊరుకుంటే అది సలహా కాదు. 'ఏరియేటర్లు వేయండి' అని మాత్రమే అంటే, డీజిల్ ఖర్చు భరించే మనిషి ఎందుకని అడుగుతాడు. ఇలా రాయండి: 'మిగిలిన రెండు ఏరియేటర్లూ వేయండి. ఆక్సిజన్ 3.4కి వచ్చింది, తెల్లవారేలోపు ఇంకా తగ్గుతుంది. కొలిచింది రాత్రి 3 గంటల 10 నిమిషాలకు.' రాత్రి నీటిలోని నాచు కూడా ఆక్సిజన్‌నే పీలుస్తుందని రైతుకు తెలుసు, పాఠం చెప్పనక్కర్లేదు. తన సలహా మీద యాప్‌కు '78 శాతం నమ్మకం' లాంటి ముక్కలు అసలు వద్దు. మూడింటికి నిద్ర లేచినవాడు ఆ అంకెను ఏం చేసుకుంటాడు?

కొలిచిన సమయాన్ని మాత్రం మూలకు నెట్టవద్దు. నేను గీసిన మొదటి తెరలో అది లేదు. సిగ్నల్ పోయి, రాత్రి పదింటికి కొలిచిన 5.2 ఆక్సిజన్ అంకె మూడింటికీ పచ్చగా మెరుస్తూనే ఉంది. కాపలా పెద్దాయన టార్చి వేసి చూస్తే రొయ్యలు ఆక్సిజన్ అందక నీటి అంచున పైకి తేలుతున్నాయి. "నీ ఫోను నిద్రపోయింది నాయనా" అన్నాడు. తెరల వాడుక నిపుణుడు జాకబ్ నీల్సన్ 1994లో ఇచ్చిన పది సూత్రాలలో మొదటిదే వ్యవస్థ స్థితి కనబడాలని. నాకది గట్టు మీద అర్థమైంది. ఇప్పుడు అరగంట దాటితే రంగు తీసేసి, 'కొత్త కొలత రాలేదు, చేతి మీటరు ముంచి చూడండి' అని చూపిస్తాను.

'పాటించను' అనే బటన్ తప్పనిసరి. దాని కింద కరెంటు లేదు, డీజిల్ లేదు, కొలత తప్పు అని మూడు కారణాలు చాలు.

చివరగా ఫోను కాపలా మనిషికిచ్చి, చేతులు కట్టుకొని నిలబడండి. 'అక్కడ నొక్కండి' అని మీరు నోరు తెరిచారంటే తెర మళ్లీ గీయాలి.